పావుగంట జబ్బు, పద్దెనిమిది వేల బిల్లు



"అడ్మిట్ చేసుకోండి సార్. అడ్మిట్ అయితేనే కార్డు పనిచేస్తుందట గదా!"

జిల్లా కేంద్రంలో ఓపీ చూసే ఏ డాక్టరుకైనా ఈ మాట వినీ వినీ అలవాటైపోయి ఉంటుంది. అడిగే మనిషి నిక్షేపంగా నడిచి వచ్చినవాడే. పొద్దున పళ్లు తోముకుంటుంటే కుడిచేతిలో బ్రష్షు జారిపోయింది. మూతి ఒక పక్కకు లాగింది. భార్యను పిలవబోతే మాట ముద్దగా వచ్చింది. పావుగంటలో అంతా సర్దుకుంది. ఇప్పుడు ఎదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుతున్నాడు. నేను స్కానింగు, ఈసీజీ, రక్త పరీక్షలు అని చీటీ మీద రాస్తుంటే ఆయన చూపంతా నా కలం మీదే ఉంది. ఎన్ని వరసలు రాస్తే ఎంతవుతుందో ఆయనకు అంచనా ఉంది. మంచం ఎక్కితే సర్కారు కడుతుంది, ఎక్కకపోతే తనే కట్టుకోవాలి. అందుకని మంచం అడుగుతున్నాడు. అందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. మన వైద్య బీమా నియమాలను చాలామంది చదువుకున్నవాళ్ల కంటే ఆయనే బాగా అర్థం చేసుకున్నాడు.

మినీ స్ట్రోక్ వచ్చి, ఆస్పత్రిలో చేరకుండా ఓపీలోనే వైద్యం చేయించుకునేవాళ్లకు ఎంత ఖర్చవుతుంది, అది ఎవరి మీద పడుతుంది, అందులో అవసరమైనదెంత, దండగ ఎంత అన్నదే ఈరోజు నేను మాట్లాడదలచుకున్న విషయం.

జబ్బు గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకెళతాను. డాక్టర్లు దీన్ని టీఐఏ అంటారు. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళంలో చిన్న గడ్డ అడ్డుపడుతుంది, కాసేపటికి దానంతటదే కరిగి కదిలిపోతుంది. అడ్డున్నంతసేపూ అచ్చం పక్షవాతమే. అడ్డు తొలిగాక ఏమీ లేనట్టే ఉంటుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది. కాలిఫోర్నియాలో 1,707 మంది ఇలాంటి రోగులను గమనించి 2000లో ప్రచురించిన ఒక పరిశీలనలో, 90 రోజుల్లోపు నూటికి పదిమందికి పైగా అసలు పక్షవాతం వచ్చింది. ఆ వచ్చినవాళ్లలో సగంమందికి మొదటి రెండు రోజుల్లోనే వచ్చింది. అంటే తొందరపడాల్సిన రోజు మొదటిరోజే. మనిషికి బాగున్నట్టు అనిపించేదీ ఆ రోజే. బాగున్న రోజున వేలు తీసి ఖర్చు పెట్టమంటే ఎవరికి మనసొస్తుంది?

పల్లెల్లో మొదటి ఖర్చు మా దగ్గర మొదలవదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మొదలవుతుంది. ఆయన ఒక సెలైన్ బాటిల్ ఎక్కించి, అందులో పసుపుపచ్చటి విటమిన్ ఇంజక్షన్ ఒకటి కలుపుతాడు. గాలి సోకిందని ఇంకెవరో పావురం రక్తం తెచ్చి మర్దన చేస్తారు. మరొకరు ఆకు పసరు పోస్తారు. చిత్రమేమిటంటే, మినీ స్ట్రోక్‌లో ఇవన్నీ పనిచేసినట్టే కనిపిస్తాయి. ఏమీ చెయ్యకుండా వదిలేసినా తగ్గేదే కాబట్టి, ఆ పావుగంటలో ఎవరు పక్కన ఉంటే పేరు వాళ్లకు దక్కుతుంది. సెలైన్ బాటిల్‌కు మన ఊళ్లలో ఇంత ప్రతిష్ఠ రావడానికి ఇలాంటి జబ్బులు కూడా ఒక కారణమని నా అనుమానం.

ఇక బిల్లు సంగతి. మా దగ్గరికి వచ్చేవాళ్ల చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. బట్టల షాపు వాళ్లిచ్చిన కవరు. అందులో స్కానింగు ఫిల్ములు, మడతలు పడ్డ రసీదులు, మందుల షాపు చీటీలు అన్నీ కలగలిసి ఉంటాయి. అరవై కిలోమీటర్ల అవతలి పల్లె నుంచి వచ్చిన ఒక కౌలు రైతు కవరు ఈ మధ్య నా బల్ల మీద పరిచి, ఆయన ముందే ఒక్కో కాగితం తీసి లెక్క కూడి చూశాను. ఆయనెవరో తెలియకుండా వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాను.

ఆర్‌ఎంపీకి 400. భార్యాభర్తల ఆటో, బస్సు ఛార్జీలు 260. టౌన్లో ఓపీ ఫీజు 500. అక్కడే రాత్రికి రాత్రి తీసిన సీటీ స్కాన్ 2,000. మర్నాడు ఇంకో సెంటర్లో మెదడుకూ, మెదడు రక్తనాళాలకూ కలిపి ఎంఆర్ఐ 7,500. మెడ రక్తనాళాల డాప్లర్ 1,800. గుండెకు ఎకో 1,500. ఈసీజీ 250. షుగరు, కొలెస్ట్రాల్, కిడ్నీ వగైరా రక్త పరీక్షలు 1,400. పదిహేను రోజుల మందులు 2,300. మొత్తం 17,910. పద్దెనిమిది వేలకు తొంభై తక్కువ. ఇద్దరికీ రెండు రోజుల పని పోవడం, హోటలు భోజనం, ఊరికి తిరిగెళ్లే ఛార్జీలు ఇందులో లేవు. రసీదు లేని ఖర్చు ఏ లెక్కలోకీ ఎక్కదు.

ఈ ధరలు ఊరిని బట్టి, సెంటర్ని బట్టి మారతాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంకా ఎక్కువ కావచ్చు, బేరమాడితే తగ్గనూ వచ్చు. స్కానింగు సెంటర్లలో బేరం ఉంటుందన్న సంగతి మా వృత్తిలో అందరికీ తెలుసు, బయటికి మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ కవరులో నన్ను బాగా ఆలోచింపజేసింది మందుల చీటీ. 2,300లో 1,900 దాకా రెండే మందులకు పోయింది. ఒకటి సిటికోలిన్, రెండోది నరాల బలానికని రాసే విటమిన్ గోళీలు. సిటికోలిన్ పక్షవాతంలో పనిచేస్తుందా లేదా అని యూరప్‌లో రెండు వేలమందికి పైగా రోగుల మీద పెద్ద పరీక్ష చేసి, ఉపయోగం కనబడలేదని 2012లోనే తేల్చారు. అయినా మన దగ్గర అది లేని చీటీ అరుదు. అసలు కాపాడే మందులు మూడో నాలుగో ఉంటాయి: రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్‌కు అటార్వాస్టాటిన్, బీపీ ఉంటే బీపీ మాత్ర. వీటన్నిటికీ కలిపి పదిహేను రోజులకు ఆ చీటీలో పడింది 400. చిన్న డోసు ఆస్పిరిన్ మాత్ర రూపాయి కూడా చెయ్యదు. ఖరీదైన మందు మీద రోగికి గురి ఎక్కువ, చవక మందు మీద అనుమానం ఎక్కువ. ఇంటికెళ్లాక డబ్బులు చాలక ఒక మందు మానేయాల్సి వస్తే మొదట మానేసేది ఆ రూపాయి మాత్రనే. "అది ఉత్త జ్వరం గోళీ లాంటిదే కదా సార్" అన్నవాళ్లున్నారు.

సీటీ స్కాన్ సంగతి కూడా ఇలాంటిదే. మర్నాడు ఎలాగూ ఎంఆర్ఐ తీయబోతుంటే, లక్షణాలు పూర్తిగా పోయిన మనిషికి ముందురోజు రాత్రి సీటీ చాలావరకు అనవసరం. కానీ అప్పటికి అక్కడున్న మిషను అదొక్కటే, డాక్టరుకు మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవాలని ఉంటుంది. తప్పు ఆయనదని గట్టిగా అనలేను. ఏమైనా ఆర్‌ఎంపీ సెలైను, సిటికోలిన్, విటమిన్ గోళీలు, ముందురోజు రాత్రి సీటీ కలిపితే మొత్తం ఖర్చులో దాదాపు నాలుగో వంతు దండగలోకే పోయింది. మిగతా మూడు వంతులూ మాత్రం అవసరమైన ఖర్చే. ఆ మూడు వంతులకు ఆరోగ్యశ్రీ కార్డు ఎందుకు పనిచెయ్యలేదన్నది అసలు ప్రశ్న.

ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. గుండె ఆపరేషన్లు, క్యాన్సరు, కిడ్నీ వంటి పెద్ద ఖర్చుల నుంచి పేద కుటుంబాన్ని కాపాడటం దాని ఉద్దేశం. ఆ పని అది చేసింది, దాంతో బతికినవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెంచారు. 2018లో వచ్చిన కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్ కూడా అదే దారిలో నడిచింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, చేరడానికి మూడు రోజుల ముందు ఖర్చు, డిశ్చార్జి తర్వాత పదిహేను రోజుల ఖర్చు కూడా ఇస్తుంది. అయితే చేరాలి. అన్నింటికీ గుమ్మం మంచమే. పరిమితి 25 లక్షలైనా కోటి రూపాయలైనా, ఓపీలో ఈసీజీకి కట్టాల్సిన 250 రూపాయలకు అది అక్కరకు రాదు.

ఆరోగ్యశ్రీలో కొన్ని చికిత్సలకు డిశ్చార్జి తర్వాత ఓపీలో చూపించుకోవడానికి, పరీక్షలకు, మందులకు కూడా డబ్బిచ్చే ఫాలో-అప్ ప్యాకేజీలున్నాయి. అంటే ఓపీ ఖర్చు కట్టే పద్ధతి ఈ వ్యవస్థకు తెలియనిదేమీ కాదు. ముందు మంచం ఎక్కి దిగాలన్నదే షరతు.

సొంత డబ్బుతో ప్రైవేటు బీమా కట్టుకునే మధ్యతరగతి వాళ్ల పరిస్థితి ఇంకా తమాషాగా ఉంటుంది. సాధారణ పాలసీలో ఇరవై నాలుగు గంటలు ఆస్పత్రిలో ఉంటేనే క్లెయిము. సరే, ఒకరోజు చేరిపోదాం అనుకుంటారు. పాలసీ పుస్తకంలో మినహాయింపుల జాబితాలో నాలుగో కోడ్ కింద చిన్న అక్షరాలతో ఒక నియమం ఉంటుంది. కేవలం పరీక్షల కోసం, జబ్బు నిర్ధారణ కోసం చేరితే ఖర్చు ఇవ్వబడదు అని. అన్ని కంపెనీలకూ ఒకే రకంగా ఉండాలని బీమా నియంత్రణ సంస్థ ఖరారు చేసిన మాట అది. మినీ స్ట్రోక్‌లో చేసేదంతా దాదాపు పరీక్షలే, ఇచ్చేవి మాత్రలే. చేరకపోతే చేరలేదని ఇవ్వరు, చేరితే పరీక్షలకే చేరావని ఇవ్వకపోవచ్చు. ఆ చిక్కు తప్పించడానికి కొన్నిచోట్ల అవసరం లేని సెలైను ఒకటి కేసు షీటులోకి ఎక్కుతుంది. ఇది మంచి పద్ధతి కాదు, కానీ ఎందుకు జరుగుతోందో అందరికీ తెలుసు. ఈ మధ్య ఓపీ ఖర్చు కూడా ఇచ్చే పాలసీలు కొన్ని వచ్చాయి. మీ పాలసీలో అది ఉందో లేదో జబ్బు రాకముందే చూసుకోండి.

ఈ విషయంలో అదృష్టవంతులు ఈఎస్ఐ కార్డున్న కార్మికులు. నెల జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్ఐ కోత పడుతున్నవాళ్లకు ఓపీ, పరీక్షలు, మందులు అన్నీ కలిపే ఉంటాయి. డిస్పెన్సరీలో మందు లేదని తిప్పుతారన్న ఫిర్యాదు వేరే సంగతి. హక్కుగా మాత్రం ఉంది. ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఈఎస్ఐ ఉందన్న సంగతే మరిచిపోయి ప్రైవేటు ఓపీకి వచ్చినవాళ్లను చూశాను. జీతం చీటీ ఒకసారి తీసి చూసుకోండి.

ప్రభుత్వాస్పత్రులు లేవా అంటే ఉన్నాయి. గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, గుంటూరు జనరల్ ఆస్పత్రి వంటి చోట్ల స్కానింగులున్నాయి, నిపుణులున్నారు. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా రక్త పరీక్షలు ఉచితంగా చేస్తున్నారు. అక్కడ రోగికి పడే ఖర్చు రూపాయల్లో ఉండదు, రోజుల్లో ఉంటుంది. మామూలు ఓపీ లైన్లో నిలబడితే స్కానింగుకు తారీకు ఇస్తారు. మొదటి రెండు రోజుల్లోనే సగం ప్రమాదం ఉన్న జబ్బుకు పదో రోజు తారీకు పడితే ఏం లాభం? అందుకే ఓపీ లైన్లో నిలబడకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లి, "ఈ పొద్దున మూతి వంకర పోయింది, మాట పోయింది" అని స్పష్టంగా చెప్పమంటాను. "కొంచెం నీరసంగా ఉంది" అన్నారంటే ఓపీకి పంపేస్తారు.

ఇప్పుడు ఇంగ్లండు దాకా ఒకసారి వెళ్లొద్దాం. ఈ జబ్బు విషయంలో ఓపీ ఖర్చు గురించి నాకు తెలిసినంతలో అందరికన్నా తేటగా లెక్క తేల్చినవాళ్లు ఆక్స్‌ఫర్డ్ వైద్యులు.

పీటర్ రోత్‌వెల్ అనే న్యూరాలజిస్టు నాయకత్వంలో, ఆక్స్‌ఫర్డ్ చుట్టుపక్కల సుమారు 91 వేల జనాభాను ఆ బృందం ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. మినీ స్ట్రోక్, చిన్నపాటి పక్షవాతం వచ్చినవాళ్లను వాళ్ల కుటుంబ డాక్టర్లు ఒక ప్రత్యేక ఓపీ క్లినిక్కుకు పంపేవారు. 2002 నుంచి 2004 దాకా పాత పద్ధతి. అపాయింట్‌మెంటు తీసుకోవాలి. క్లినిక్కులో పెద్ద డాక్టరు చూసి, ఏ మందులు వాడాలో రాసి కుటుంబ డాక్టరుకు ఫ్యాక్స్ పంపేవాడు. రోగి మళ్లీ ఆ కుటుంబ డాక్టరు దగ్గరికి వెళ్లి మందులు రాయించుకోవాలి. వినడానికి పద్ధతిగానే ఉంది. కానీ రోగి మొదటిసారి డాక్టరుకు చెప్పుకున్న నాటి నుంచి మొదటి మందుచీటీ పడేసరికి సగటున 20 రోజులు పట్టింది.

2004 అక్టోబరు నుంచి పద్ధతి మార్చారు. అపాయింట్‌మెంటు లేదు. ఎప్పుడొస్తే అప్పుడే చూస్తారు. ఫ్యాక్స్ కోసం ఆగకుండా క్లినిక్కులోనే మందు మొదలుపెడతారు. ఇరవై రోజుల జాప్యం ఒక్కరోజుకు దిగింది. ఊరు అదే, మందులూ ఇంచుమించు అవే. 90 రోజుల్లో మళ్లీ పక్షవాతం వచ్చే ప్రమాదం మాత్రం 10.3 శాతం నుంచి 2.1 శాతానికి పడిపోయింది. 2007లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితం వచ్చింది.

రెండేళ్ల తర్వాత అదే బృందం ఖర్చుల లెక్క తీసింది. పాత పద్ధతిలో 310 మంది, కొత్త పద్ధతిలో 281 మంది. మళ్లీ పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో చేరినవాళ్లు అప్పుడు 25 మంది, తర్వాత ఐదుగురు. చనిపోవడమో, కాలూచెయ్యీ పడిపోయి మంచాన పడటమో జరిగినవాళ్లు అప్పుడు 16 మంది, తర్వాత ఒక్కరు. ఈ రోగులంతా కలిసి ఆస్పత్రి మంచాల మీద గడిపిన రోజులు 1,957 నుంచి 672కు తగ్గాయి. ఒక్కో రోగికి ఆస్పత్రి ఖర్చు 624 పౌన్లు తగ్గింది. ఓపీని చురుగ్గా నడిపితే ఖర్చు పెరగలేదు, తగ్గింది.

ప్యారిస్‌లో బిషా ఆస్పత్రి వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే మినీ స్ట్రోక్ క్లినిక్కు పెట్టి, వచ్చినవాళ్లకు గంటల వ్యవధిలో పరీక్షలన్నీ చేసి, నూటికి 74 మందిని అదేరోజు ఇంటికి పంపేశారు. మంచం ఎక్కాల్సిన అవసరం నలుగురిలో ఒకరికే వచ్చింది. ఇంగ్లండులో ఇప్పుడు, వారంలోపు మినీ స్ట్రోక్ అనుమానం ఉన్నవాళ్లను 24 గంటల్లో నిపుణుడు చూడాలని ప్రభుత్వ మార్గదర్శకమే ఉంది.

మరి మనకెందుకు ఇది కుదరడం లేదు? డాక్టర్లు లేక కాదు, మిషన్లు లేకా కాదు. జిల్లా కేంద్రాల్లో స్కానింగు సెంటర్లు మిఠాయి దుకాణాల్లా వెలిశాయి. చిక్కు వేరే చోట ఉంది. ఇంగ్లండులో ఓపీ ఖర్చు భరించేదీ, పక్షవాతం వస్తే ఆస్పత్రి ఖర్చు భరించేదీ ఒకటే ఖజానా. మొదటిరోజు పెట్టిన పౌను మూడో నెలలో ఎంత మిగిల్చిందో వాళ్లకు లెక్క కనిపిస్తుంది. మన దగ్గర మొదటిరోజు ఖర్చు పెట్టేది కౌలు రైతు జేబు. పక్షవాతం తప్పితే ఆస్పత్రి ఖర్చు మిగిలేది ఆరోగ్యశ్రీ ట్రస్టుకో బీమా కంపెనీకో. ఖర్చు ఒక జేబుది, మిగులు ఇంకో జేబుది. రైతు పద్దెనిమిది వేలు పెట్టి ట్రస్టుకు లక్షలు మిగిల్చాడు, ఆయనకు రసీదు కూడా లేదు. దేశం మొత్తం వైద్య ఖర్చులో ప్రజలు సొంత జేబులోంచి కట్టేది 2013-14లో 64 శాతం ఉండేది, 2021-22 నాటికి 39 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. తగ్గడం నిజంగా సంతోషించాల్సిన విషయమే. కానీ ఆ మిగిలిన 39 శాతంలో మందుల షాపులు, ఓపీ ఫీజులే పెద్ద భాగం.

పక్షవాతం పూర్తిగా వచ్చాక అయ్యే ఖర్చు గురించి వింటున్నవాళ్లలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. గడ్డ కరిగించే ఇంజక్షనే వేలల్లో ఉంటుంది. తీగ పంపి గడ్డ లాగేస్తే లక్షలు. ఇంటికొచ్చాక ముక్కులో గొట్టం, పెద్దవాళ్ల డైపర్లు, ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టుకు రోజు లెక్కన డబ్బు. పక్కన కూర్చోవడానికి కోడలో కూతురో పని మానుకుంటుంది, ఆమె సంపాదన పోవడాన్ని ఏ కార్డూ లెక్కించదు.

అందుకని నా అభిప్రాయం ఇది. ఆరోగ్యశ్రీలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకంలోనూ, మినీ స్ట్రోక్‌కు మంచం అక్కర్లేని ఒకరోజు ప్యాకేజీ ఉండాలి. ఒక స్కానింగు, ఈసీజీ, మెడ డాప్లర్, రక్త పరీక్షలు, మొదటి నెల మందులు. దీన్ని ముందు జిల్లా ఆస్పత్రుల్లో పెట్టొచ్చు.

దీనికి అభ్యంతరం ఉంది, తేలిగ్గా కొట్టిపారేసేదీ కాదు. చెయ్యి తిమ్మిరెక్కిందన్న ప్రతివాళ్లకూ ఎంఆర్ఐ తీసి బిల్లు పెట్టేస్తారు కదా అని పథకం నడిపే అధికారులు అంటారు. ఇంగ్లండులోనే ఇలాంటి క్లినిక్కులకు వచ్చేవాళ్లలో దాదాపు సగంమంది జబ్బు మినీ స్ట్రోక్ కాదని తేలుతుంది. మైగ్రేన్, మూర్ఛ, చెవిలోని తేడా వల్ల కళ్లు తిరగడం, షుగరు పడిపోవడం అన్నీ దీనిలాగే కనిపిస్తాయి. మన దగ్గర దుర్వినియోగం ఇంకా ఎక్కువే ఉండొచ్చు. కానీ ఇప్పుడున్న పద్ధతిలో దుర్వినియోగం లేదా? ఓపీలో తేలిపోయే మనిషిని మూడురోజులు మంచం ఎక్కించడం దుర్వినియోగం కాదా? స్కానింగు రాసే అధికారం క్యాజువాలిటీ డాక్టరుకు కాకుండా ఫిజీషియనుకో న్యూరాలజిస్టుకో ఇచ్చి, ఫోన్లో వీడియో ద్వారా చూసినా చాలని పెడితే చాలావరకు అదుపులో ఉంటుంది.

ప్రభుత్వం ఎప్పుడు చేస్తుందో నాకు తెలియదు. ఈలోపు రేపు మీ ఇంట్లోనే ఇలా జరిగితే, చేతిలో ఉన్న డబ్బును ఏ వరసలో ఖర్చు పెట్టాలో చెబుతాను.

లక్షణాలు ఇంకా ఉంటే, అంటే మూతి వంకరగానే ఉన్నా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడుతున్నా, ఖర్చు లెక్కలు వద్దు. 108కి ఫోన్ చెయ్యండి. గడ్డ కరిగించే ఇంజక్షనుకు నాలుగున్నర గంటలే గడువు. తగ్గుతుందేమో చూద్దామని గంటసేపు ఆగితే ఆ గంట పోయినట్టే.

లక్షణాలు పూర్తిగా పోయాయనుకోండి. అప్పుడు కూడా ఆ రోజే డాక్టరు దగ్గరికి. అన్నిటికన్నా చవకైన పరీక్ష వేలు పొడిచి చూసే షుగరు పరీక్ష. షుగరు మందులు వాడేవాళ్లకు చక్కెర పడిపోయి అచ్చం ఇలాగే మూతి వంకర పోవచ్చు. రెండోది బీపీ. మూడోది ఈసీజీ. ఈ ఈసీజీని తక్కువ చేసి చూడొద్దు. గుండె లయ తప్పి కొట్టుకుంటున్నట్టు అందులో కనబడితే మొత్తం వైద్యమే మారిపోతుంది. అప్పుడు ఆస్పిరిన్ చాలదు, రక్తం పలుచబరిచే వేరే మందు కావాలి. నాలుగోది స్కానింగు. డాక్టరు ఎంఆర్ఐ కావాలంటే, "అదే తీయిస్తాను, ముందు సీటీ తప్పనిసరా?" అని మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు. ఇంకొకటి, మెడ నాళాలతోపాటు తల లోపలి నాళాలు కూడా చూడమనే మాట మన దేశంలో దండగ కాదు. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 2002లో ప్రచురించిన పరిశీలనలోనే, మనవాళ్లలో తల లోపలి నాళాల ఇరుకు ఎక్కువని రాశారు. పాశ్చాత్య దేశాల్లో మెడ నాళాలకిచ్చే ప్రాధాన్యాన్ని ఇక్కడ యథాతథంగా పెట్టుకోలేం.

మందుల విషయంలో ఒక అంకె గుర్తుంచుకోండి, 21. మినీ స్ట్రోక్ తర్వాత ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి వాడితే మళ్లీ పక్షవాతం వచ్చే ప్రమాదం తగ్గుతుందని 2013లో చైనాలో 5,170 మంది మీద చేసిన పరీక్ష తేల్చింది. అందులో రెండు మందులూ కలిపి వాడింది 21 రోజులే. తర్వాత ఒకటి ఆపేసి ఒకటే కొనసాగించారు. మన దగ్గర మొదటి చీటీలో రెండూ రాస్తారు, ఎప్పుడు ఆపాలో రాయరు. రోగి మందుల షాపులో పాత చీటీ చూపించి రెండూ ఏడాది తరబడి మింగుతూనే ఉంటాడు. కడుపులో పుండు పడి రక్తం పోయి వచ్చినవాళ్లను చూశాను. మీ అంతట మీరు ఆపకండి. "రెండోది ఎప్పటిదాకా?" అని మీ డాక్టరును అడిగి, చీటీ మీద తారీకు రాయించుకోండి.

నెలనెలా మందులకు బ్రాండును బట్టి ఆరేడు వందల నుంచి వెయ్యి పైచిలుకు అవుతుంది. అవే మందులు జనఔషధి దుకాణంలో సగానికి, కొన్నిసార్లు అంతకంటే తక్కువకు దొరుకుతాయి. బీపీ, షుగరు మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. దేశంలో బీపీని అదుపులో పెట్టే జాతీయ కార్యక్రమం మొదలైన తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. పక్షవాతాన్ని ఆపడంలో అన్నిటికన్నా పెద్ద మందు బీపీ మాత్రే. దానికి సిటికోలిన్‌కున్న గ్లామరు లేదు.

మరొక సంగతి. చిన్నప్పుడు కీళ్లవాతం వచ్చి గుండె కవాటాలు పాడైనవాళ్లలో, ముఖ్యంగా ముప్పై నలభై ఏళ్ల ఆడవాళ్లలో కూడా మినీ స్ట్రోక్ చూస్తుంటాం. వాళ్లలో చాలామందికి రక్తం పలుచబరిచే ఎసిట్రామ్ లాంటి పాత మందే వాడాలి. మాత్ర చవకే. కానీ నెలకోసారి రక్తం ఎంత పలుచబడిందో ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకోవాలి. పరీక్షకు రెండు మూడు వందలు, దానికోసం టౌనుకు రాను పోను బస్సు ఛార్జీ, ఒకరోజు కూలి. మూడు నాలుగు నెలలు వస్తారు, తర్వాత పరీక్ష మానేస్తారు, మాత్ర మాత్రం మింగుతూనే ఉంటారు. అది మందు మానేయడం కన్నా ప్రమాదం. ఈ ఐఎన్ఆర్ పరీక్ష మండల స్థాయి ఆస్పత్రిలో దొరికితే ఎంతమందికి బస్సు ఖర్చు తప్పుతుందో! వేలు పొడిచి చూసే చిన్న మిషన్లు వచ్చాయి, షుగరు మిషను లాంటివే. ఆరోగ్య ఉపకేంద్రాలకు బీపీ మిషను ఇచ్చినట్టు కనీసం ఏరియా ఆస్పత్రికి ఒకటైనా ఇవ్వమని ఈ ప్రసంగం వింటున్న జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను.

డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు పాత స్కానింగు ఫిల్ములన్నీ ఆ ప్లాస్టిక్ కవరులోనే తెచ్చుకోండి. లేకపోతే మళ్లీ తీయిస్తారు, మళ్లీ ఏడున్నర వేలు. చీటీలు పోయినా పర్వాలేదు, వాడుతున్న మాత్రల రేకులు తెండి. ఆ రోజు పక్కనుండి చూసిన మనిషి ఎవరో వాళ్లను కూడా వెంట తీసుకురండి. ఎన్ని నిమిషాలు ఉంది, ఏ చెయ్యి, మాట ఎలా వచ్చింది అన్నవి వాళ్లు చెబితేనే మాకు తెలుస్తుంది. దానికి ఫీజు లేదు.